అద్దం మీద బొట్టు

నిన్న పొద్దున దుకాణం తెరిచి, అగరుబత్తి వెలిగించి, కంప్యూటరు ముందు కూర్చుని మీట నొక్కాను. అది మెల్లగా మేలుకుని నేనెన్నడూ చూడని ముఖం ఒకటి చూపించింది. కొత్త అవతారం ఎత్తుతానని వారం రోజులుగా నన్ను అడుగుతోందట. నేనే చూసుకోకుండా ‘సరే’ అని నొక్కేశానట. నా చెయ్యి మాత్రం పాతికేళ్ళ అలవాటు చొప్పున కంప్యూటరు అద్దానికి కింద ఎడమ మూలకు వెళ్ళింది. ఏ పని మొదలుపెట్టాలన్నా అక్కడ నొక్కడమే నాకు తెలిసిన దారి. అక్కడ ఏమీ లేదు. అయినా నాలుగైదుసార్లు నొక్కాను. ఇప్పుడు దుకాణం నడిపేది మా అమ్మాయి. వెనక నిలబడి కాసేపు చూసి, “నాయినా, గక్కడేం లేదు, నడుమల సూడు” అంది. నడుమ చూస్తే చిన్న చిన్న గుర్తులు వరసగా ఉన్నాయి, ఏది దేనికో తెలియలేదు. నా అవస్థ చూసి తనే పక్కన కూర్చుని ఏదేదో చేసి, అద్దం మధ్యలో ఒక పెద్ద గడి కనిపించేట్టు పెట్టింది. “నువ్వు గిదొక్కటే నొక్కు. తెరుసుకుంటది, టైపు జెయ్యి. పంపుడు గింపుడు నేను సూసుకుంట” అని నా భుజం తట్టి ముందు గదిలోకి వెళ్ళిపోయింది. పిల్ల మంచిది, ప్రేమగానే అంది. కానీ ఆ మాట నాకు కొత్త కాదు. అదే మాట, దాదాపు అవే పదాలతో, ఇదే గదిలో నేను మా బావతో అన్నాను.

బావ అంటే మా అక్క భర్త. దస్తావేజులు రాసేవాడు. శామీర్‌పేటలో ఇల్లు, మేడ్చల్‌లో పని. రోజూ పొద్దున స్కూటరు మీద వచ్చి, రిజిస్ట్రీ ఆఫీసుకు వెళ్ళే దారిలో ఒక రేకుల కొట్టు కింద మేజా వేసుకుని కూర్చునేవాడు. భూమి అమ్మినా, కొన్నా, అన్నదమ్ములు పంచుకున్నా, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవారు. కారణం ఆయన అక్షరాలు కాదు, అవి కోడి గీకినట్టు ఉండేవి. కారణం హద్దులు. చూడని భూమికి బావ హద్దులు రాసేవాడు కాదు. పార్టీలు ఎంత తొందరపెట్టినా, “జల్దీ ఏమున్నది, భూమి ఎటన్న వోతదా?” అని స్కూటరు తీసి, దూలపల్లి అయితే దూలపల్లి, రావల్కోల్ అయితే రావల్కోల్, వెళ్ళి పొలం గట్ల వెంబడి నడిచి వచ్చేవాడు. తర్వాత రాసేవాడు. ‘తూర్పున ఫలానా వారి చెలక, నడుమ రెండు తాటిచెట్లు, అందులో ఒకటి పిడుగు పడి మోడయినది’ అని. రాసినదాన్ని పార్టీలను ఎదుట కూర్చోబెట్టుకుని పైకి చదివేవాడు. వాళ్ళు తల ఊపాకే అది ఆఫీసుకు వెళ్ళేది. ఆయన చదువుతుంటే భూమి అమ్ముకున్నవాడు కళ్ళు తుడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

నేను పట్నంలో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని వచ్చి టైపింగు దుకాణం పెట్టినప్పుడు బావ నా మొదటి శిష్యుడు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. తెలుగు టైపు మిషను మీద వేళ్ళు ఎలాగూ తిరుగుతాయి కాబట్టి రాత కష్టం కాలేదు. కష్టమంతా రాత మొదలుపెట్టడంలోనే. ఆ రోజుల్లో అద్దమంతా నల్లగా ఉండేది, ఒక మూల చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఉండేది. అక్కడ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు రాసే ప్రోగ్రాం వచ్చేది. బావకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. ఆ నాలుగు మీటలు కీబోర్డు మీద ఎక్కడున్నాయో చూసుకుని, వాటి మీద సున్నం చుక్కలు పెట్టుకున్నాడు. ఏది ముందో ఏది వెనకో గుర్తుకు చేతి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవాడు. ప్రోగ్రాం రాగానే నీలం రంగు పరుచుకునేది. “అగో, వచ్చిండు” అనేవాడు, పొరుగూరు నుంచి చుట్టం దిగినట్టు.

నాలుగేళ్ళు గడిచాయో లేదో, నల్ల అద్దం పోయి బొమ్మల అద్దం వచ్చింది. ఇప్పుడు అక్షరాలు కొట్టక్కర్లేదు బావా, బొమ్మ మీద బాణం పెట్టి రెండుసార్లు టకటకా నొక్కితే చాలు అని చెప్పాను. బావ ఒకసారి నొక్కి, ఆగి, అది విందో లేదో అని చూసి, తీరిగ్గా రెండోసారి నొక్కేవాడు. అది తెరుచుకునేది కాదు. “ఒక్కపారి జెప్తే దానికి ఇనవడదా? మనమేమన్న చెవిటోనితోని మాట్లాడుతున్నమా?” అని విసుక్కునేవాడు. నేనూ విసుక్కునేవాణ్ణి. దాచడం ఎందుకు, నాకు అప్పట్లో కొత్త విద్య వచ్చినవాడి పొగరుండేది. అప్పుడే దసరా వచ్చింది. మా ఇళ్ళల్లో దసరా నాడు పని చేసే ప్రతి వస్తువుకూ బొట్టు పెడతారు. నాగలికి, కత్తిపీటకు, స్కూటరుకు, ఆ ఏడు కంప్యూటరుకు కూడా. మా అక్క వేలు కుంకుమలో ముంచి అద్దం మీద ఎక్కడ పెట్టిందో అక్కడే, సరిగ్గా ఆ బొట్టు కిందే, రాత ప్రోగ్రాం బొమ్మ ఉంది. మర్నాడు బావ వచ్చి బాణాన్ని తిన్నగా బొట్టులోకి నడిపించి నొక్కాడు. తెరుచుకుంది. ఆ సంబరం చూడాలి. అక్కను పిలిచి ఇంకో బొట్టు పెట్టమన్నాడు, ఈసారి పసుపుతో, పాత దస్తావేజులు దాచిన సంచీ బొమ్మ మీద. కుంకుమ నొక్కితే రాత, పసుపు నొక్కితే పాత కాగితాలు. ఇంత తేలిక సంగతి ఆరు నెలలు చెప్పలేకపోయినందుకు నా మీద జాలిపడ్డాడు.

ఆ తర్వాత పదేళ్ళు ఆయనకు నా అవసరం రాలేదు. ప్రతి దసరాకూ అక్క అద్దం తుడిచి, పాత మరక ఉన్నచోటే వేలు పెట్టి, నూనెలో కలిపిన కుంకుమ అద్దేది. దుకాణానికి వచ్చినవాళ్ళు నవ్వితే, “నవ్వుండ్రి, మీ ఇండ్లల్ల గడపకు బొట్టుండదా? గిది గడపే గద” అనేవాడు బావ. అయితే కంప్యూటరు గడప ఒక్కచోట ఉండదని నాకు అప్పటికే తెలుసు. పాత పెట్టె కాలిపోయి, వెడల్పాటి పల్చటి అద్దం కొన్నప్పుడు బొమ్మలన్నీ చిన్నవై పక్కలకు జరిగాయి. మళ్ళీ కొత్త బొట్లు పెట్టుకున్నాం. కొన్నాళ్ళకు బొమ్మలన్నీ మాయమై, అద్దం నిండా రంగురంగుల పలకలు వచ్చాయి. వాటిలో ఒకటి దానంతట అదే తిరుగుతూ వార్తలు చూపించేది. బావ పరేషాన్ అయ్యాడు. బొట్టు కింద ఎవరిదో క్రికెట్ స్కోరు ఉంది. నేను నానా తంటాలు పడి పాత బొమ్మల అద్దం వెనక్కి తెచ్చి, రాత ప్రోగ్రామును ఈడ్చుకొచ్చి కుంకుమ కింద నిలబెట్టాను. ప్రపంచమంతా బొమ్మ ఉన్నచోటికి వేలు తీసుకెళుతుంటే, నేను వేలు ఉన్నచోటికి బొమ్మను తీసుకొస్తూ బతికాను.

ఆ తర్వాతి మార్పు మరీ అన్యాయం. వెతకక్కర్లేదు, పేరు టైపు చేస్తే ప్రోగ్రాం అదే వస్తుంది అన్నారు. “పేరు కొట్టు బావా” అన్నాను. “ఏం పేరు?” అన్నాడు. గదే, మన రాత ప్రోగ్రాం పేరు అన్నాను. “దాని పేరు నాకేం ఎరుక? గిన్నేండ్ల సంది ఎన్నడన్న పేరు పెట్టి పిలిశిన్నా?” అన్నాడు. నిజమే. మా ఇళ్ళల్లో రోజూ కలిసి ఉండేవాళ్ళను ఎవరూ పేరు పెట్టి పిలవరు. మా అక్క ముప్పై ఏళ్ళ కాపురంలో బావ పేరు పలకలేదు. ఓటర్ల జాబితా రాసుకునేవాడు వచ్చి మీ ఆయన పేరేమిటమ్మా అంటే, పక్కింటావిడను పిలిచి చెప్పించింది. బావ కూడా అక్కను ‘ఇగో’ అనే పిలిచేవాడు. ఆ ‘ఇగో’కే మా అక్క వంటింట్లోంచి పలికేది. అట్లాంటి మనిషిని కూర్చోబెట్టి, నువ్వు రోజూ కలిసి బతికే దాని పేరు ఇంగ్లీషులో తప్పు లేకుండా రాస్తేనే అది నీ ముందుకు వస్తుంది అంటే ఎలా? నేను అట్టముక్క మీద రాసిచ్చాను. ఒక్క అక్షరం తప్పితే చాలు, ఏదో పేరు తెలియని దేశంలో వాన పడుతుందో లేదో చూపించేది. “మన రావల్కోల్‌ల వానలేక సస్తుంటే గిది నాకెందుకురా” అని కీబోర్డు దూరంగా జరిపేవాడు.

ఇదంతా నవ్వుతూ చెప్పుకునే భాగం. నవ్వు ఇక్కడితో సరి. భూముల రిజిస్ట్రేషన్ వెబ్‌సైటుకు మారింది. గళ్ళు ఉంటాయి. అమ్మేవాడు, కొనేవాడు, సర్వే నంబరు, విస్తీర్ణం. అవి నింపితే దస్తావేజు దానంతట అదే తయారై వస్తుంది. ప్రతి దస్తావేజులోనూ అవే మాటలు. పిడుగు పడిన తాటిచెట్టుకు గడి లేదు. ఫోనుకు వచ్చిన నంబరు రెండు నిమిషాల్లో కొట్టాలి, కొట్టకపోతే మొదటికి రావాలి. బావకు అప్పటికి అరవై అయిదు, ఒక కన్నుకు శుక్లం. అదే సమయంలో అద్దం పాతదే ఉంచి కొత్త కంప్యూటరు పెట్టె తెచ్చాం, అందులో పాత రాత ప్రోగ్రాం ఎక్కనే ఎక్కలేదు. ఎన్ని విధాలుగా చూసినా కుంకుమ కింద పెట్టడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.

అప్పుడు చెప్పేయాల్సింది. బావా, ఇక ఈ పని లేదు, ఎవరికీ నీ రాత అక్కర్లేదు అని ఒక్క మాట అనేయాల్సింది. నోరు రాలేదు. రేకుల కొట్టు కిందటి మేజా అప్పటికే తీసేశాడు, నా దుకాణం వెనక గదిలోని కుర్చీ ఒక్కటే ఆయనకు మిగిలింది. ఆ కుర్చీ కూడా లేకపోతే ఆయన ఏమవుతాడో నాకు తెలుసు. అందుకని ఒక ఉపాయం చేశాను. ఉత్త రాతపని చేసుకునే మామూలు ప్రోగ్రాం ఒకటి పెట్టి, వెనక నీలం రంగు పులిమి, పాత అక్షరాలు వచ్చేట్టు చేసి, బొమ్మను తెచ్చి కుంకుమ బొట్టు కింద నిలబెట్టాను. “నువ్వు రాయి బావా, ఆఫీసుకు పంపుడు గింపుడు నేను సూసుకుంట” అన్నాను. బావ నొక్కాడు. నీలం పరుచుకుంది. “అక్షరాలు జర సన్నగయినయి” అన్నాడు కళ్ళు చికిలించి. “నీ కండ్లు బావా” అన్నాను.

ఏడాదిన్నర నడిచింది అలా. పార్టీలు వచ్చేవారు, బావ భూమి చూసి వచ్చేవాడు, హద్దులు రాసేవాడు, పైకి చదివి వినిపించేవాడు, వాళ్ళు తల ఊపేవారు. తర్వాత వాళ్ళను నేను ముందు గదిలోకి తీసుకెళ్ళి వెబ్‌సైటులో గళ్ళు నింపేవాణ్ణి. అసలు దస్తావేజు అక్కడ తయారయ్యేది. బావ రాసినది పసుపు బొట్టు కింది సంచీలో పడి ఉండేది. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆయన రావల్కోల్ నుంచి తిరిగి వచ్చి, మొహం కందిపోయి, నీళ్ళ చెంబు ఎత్తి గటగటా తాగుతుంటే నేను ముందు గదిలో తల దించుకుని కూర్చున్నాను. ఆపాలనిపించింది. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఎన్నటికీ రాలేదు. తప్పు చేస్తున్నానని తెలిసీ చేశాను. ప్రేమతోనే చేశానని ఈనాటికీ అనుకుంటాను. ఆ అనుకోవడం వల్ల ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

ఆ రోజు ఆయన చూసి వచ్చింది ఒక ముసలాయన పొలం. ఉన్నదాంట్లో సగం అమ్ముకుంటున్నాడు. మిగిలిన సగం అంచున వేపచెట్టు ఒకటి ఉంది, అది తన వైపే ఉండాలన్నది ఆయన కోరిక. దాని నీడనే తన ముసలమ్మను పూడ్చిపెట్టామని చెప్పాడట. ‘పడమర హద్దు, వేపచెట్టుకు అవతల ఏడు అడుగుల దూరమున పాతిన రాయి, చెట్టు అమ్మకందారుదే’ అని బావ రాశాడు, చదివి వినిపించాడు, ముసలాయన రెండు చేతులూ జోడించి వెళ్ళాడు. నెల రోజుల తర్వాత ఆ ముసలాయనే దస్తావేజు కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చి, నన్ను దాటి నేరుగా వెనక గదిలోకి వెళ్ళాడు. “సారూ, గిండ్ల నా ఏపసెట్టు లేదంటున్నరు కొన్నోళ్ళు. నువ్వు సదివినప్పుడు ఉండె గద. జర సూడు” అన్నాడు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. బావ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ చూశాడు, రెండోది చూశాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. అందులో ఆయన మాట ఒక్కటి కూడా లేదు. సర్వే నంబర్లు ఉన్నాయి, విస్తీర్ణం ఉంది, అంతే. ఆయన తల ఎత్తి ముసలాయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. తర్వాత కాగితాలు మడిచి ముసలాయన చేతిలో పెట్టి, “ఉన్నది తాతా. గీ నంబర్ల ఉన్నది నీ సెట్టు. ఎటు వోదు” అన్నాడు. ముసలాయన నమ్మాడు. బావ మాట కాబట్టి నమ్మాడు. జీవితంలో చూడని హద్దు రాయని మనిషి, ఆ రోజు నన్ను కాపాడడానికి లేని చెట్టును ఉందన్నాడు.

మర్నాడు కూడా వేళకు వచ్చాడు. ఇక కోప్పడతాడు, తిడతాడు అని నేను ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. తువాల కొస నీళ్ళలో తడిపి, అద్దం మీది కుంకుమ బొట్టు తుడిచాడు. నూనె బొట్టు కదా, ఒక పట్టాన పోలేదు. గోటితో గీకి మరీ తుడిచాడు. పసుపు బొట్టు జోలికి వెళ్ళలేదు, ఎందుకో నేను అడగలేదు. తువాల పిండి భుజాన వేసుకుని, “నాకు జెప్తే అయిపోతుండె గదరా” అన్నాడు. గొంతులో కోపం లేదు. స్కూటరు తీసి శామీర్‌పేట వెళ్ళిపోయాడు. మళ్ళీ దుకాణం మెట్లు ఎక్కలేదు.

ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు. పొద్దున తయారై, చేతిసంచి పట్టుకుని, కరీంనగర్ రోడ్డు మీద బస్సులు ఆగేచోట కూర్చుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేవాడని అక్క చెప్పేది. నేను వెళితే మంచిగానే మాట్లాడేవాడు, కంప్యూటరు ఊసు తప్ప అన్నీ మాట్లాడేవాడు. రావల్కోల్ పొలం ఇళ్ళ ప్లాట్ల వెంచరు అయిపోయింది. ఆ మధ్య అటు వెళితే రాళ్ళు పాతి, రంగులు వేసి, రోడ్లు తీసి ఉన్నాయి. వేపచెట్టు లేదు. ఎటువైపుదని తేల్చారో, ఎవరు కొట్టేశారో అడగడానికి ముసలాయనా లేడు. హద్దు తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన రాసినది పసుపు బొట్టు కింద ఉండాలి కదా అని, దుకాణానికి వచ్చి ఆ పాత సంచీ తెరిచాను. కాగితాలన్నీ ఉన్నాయి. అక్షరాలు లేవు. ఆ అక్షరాల అచ్చు ఇప్పటి మిషన్లకు తెలియదట, ప్రతి పేజీ నిండా వరసలు వరసలుగా ఉత్త గళ్ళు. ఆయన నడిచి చూసి రాసిన పొలాలన్నీ ఆ గళ్ళల్లోనే ఉన్నాయి, చదవగలవాళ్ళు ఎవరూ లేరు.

ఈ నాలుగు మాటలూ నిన్న మా అమ్మాయి పెట్టిచ్చిన పెద్ద గడి నొక్కి, అందులో కూర్చుని టైపు చేస్తున్నాను. నొక్కగానే తెరుచుకుంది, అక్షరాలు మాత్రం కాస్త సన్నగా ఉన్నాయి. దుకాణానికి వచ్చే అర్జీలు, శుభలేఖల మాటలు కూడా నిన్నటి నుంచి ఇందులోనే కొడుతున్నాను. సాయంత్రం నేను రాసిన శుభలేఖ అచ్చు కాగితం ముందు గదిలో బల్ల మీద ఉంటే, తీసి చూద్దామని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. అందులో నా మాటలు ఉన్నాయో లేదో చూసే ధైర్యం నాకు లేదు. అమ్మాయిని అడగొచ్చు. అడిగితే, “ఉన్నయి నాయినా” అంటుంది, అది నాకు తెలుసు. బావకు కుర్చీ వేసినవాణ్ణి నేను. ఇప్పుడు కాలం నాకూ ఒక కుర్చీ వేసింది, నేను కూర్చున్నాను.